పోటీలో గెలిచినవాడికి మదుపు పాఠాలు: కౌమార వయసు విద్యార్థుల బృందంపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

14 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న 16 మంది విద్యార్థులకు మదుపు ప్రాథమికాంశాలు నేర్పిన క్రమాన్ని, ఆ క్రమంలో తీసుకున్న నిర్ణయాలను, వాటి వెనుక ఉన్న కారణాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. పిల్లల పేర్లు గాని, వారిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు గాని ఇవ్వడం లేదు. ఆర్థిక అక్షరాస్యత శిక్షకురాలిగా నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి షేరు అంటే ఏమిటో కూడా తెలియదు. ఈ బృందం అలాంటిది కాదు. నా దగ్గరికి రావడానికి కొద్దికాలం ముందే వీళ్లంతా ఒక షేర్ మార్కెట్ పోటీలో పాల్గొన్నారు. ప్రతి ఒక్కరికీ సమానంగా కొన్ని పాయింట్లు ఇచ్చి, వాటితో అసలు మార్కెట్ ధరలకే షేర్లు కొని అమ్మే అవకాశం కల్పించి, కొన్ని వారాల తర్వాత ఎవరి పాయింట్లు ఎక్కువగా ఉంటే వారికి బహుమతి ఇచ్చే రకం పోటీ అది.

గెలిచింది 16 ఏళ్ల కుర్రాడు. అతడు తన పాయింట్లన్నీ ఒకే ఒక్క కంపెనీ షేరులో పెట్టాడు, ఆ షేరు ఆ కొద్ది వారాల్లోనే బాగా పెరిగింది. అప్పటి నుంచి తోటివాళ్లు ఏ షేరు కొనాలో అతణ్ని అడగడం మొదలుపెట్టారు, అతడు కూడా చెప్పడం మొదలుపెట్టాడు. తండ్రి తన ఖాతాలోంచి కొంత సొమ్ము నిజంగానే అతడి సలహా ప్రకారం పెట్టాలనే ఆలోచనలో ఉన్నారని తెలిశాక, నన్ను సంప్రదించిన పెద్దల ఆందోళన నాకు పూర్తిగా అర్థమైంది. ఇక ఈ కేసులో నా పని తెలియని విషయం నేర్పడం ఒక్కటే కాదు, గెలుపు నేర్పిన విషయాన్ని తిరిగి పరిశీలనకు పెట్టడం కూడా.

మొదటి అంచనా

ఆర్థికవేత్తలు అన్నామరియా లుసార్డి, ఒలివియా మిచెల్ రూపొందించిన మూడు ప్రశ్నలు 2004 నుంచి చాలా దేశాల సర్వేలలో వాడుకలో ఉన్నాయి. చక్రవడ్డీ ఎలా పనిచేస్తుంది, వడ్డీ కన్నా ద్రవ్యోల్బణం ఎక్కువగా ఉంటే కొనుగోలు శక్తి ఏమవుతుంది, ఒకే కంపెనీ షేరు సురక్షితమా లేక అనేక కంపెనీల షేర్లున్న మ్యూచువల్ ఫండ్ సురక్షితమా అనేవి వాటి సారాంశం. 15 ఏళ్ల విద్యార్థుల చదువును అంతర్జాతీయంగా అంచనా వేసే పీసా పరీక్షలో 2012లో ఆర్థిక అక్షరాస్యత కూడా చేరింది కాబట్టి, ఈ వయసువారిని ఇలాంటి ప్రశ్నలు అడగడం కొత్తేమీ కాదు. నేను ఈ మూడింటినీ వయసుకు తగినట్టు కొద్దిగా మార్చి అడిగాను.

చక్రవడ్డీ ప్రశ్న దగ్గర కొందరు తడబడ్డారు. ఏడాదికి 10 శాతం వడ్డీతో 100 రెండేళ్లలో 120 అవుతుందని రాసినవాళ్లున్నారు. వడ్డీ మీద వడ్డీగా వచ్చే ఆ మిగిలిన 1 వాళ్ల లెక్కలోకి రాలేదు. మూడో ప్రశ్నకు మాత్రం దాదాపు అందరూ సరిగ్గానే జవాబిచ్చారు, ఫండే సురక్షితమన్నారు. పోటీలో వాళ్లు చేసిన పనులు చూస్తే మాత్రం మెజారిటీ విద్యార్థులు ఒకటి రెండు కంపెనీలకు మించి కొనలేదు. తెలిసిన జవాబుకూ చేసిన పనికీ మధ్య ఉన్న ఈ దూరమే నా దృష్టిలో ఈ కేసులోని అసలు విషయం. పాఠ్యాంశాలు ఎక్కడ మొదలుపెట్టాలన్న నిర్ణయం కూడా దీని మీదే ఆధారపడింది.

పోటీ ఏం నేర్పింది

ఆ దూరానికి పిల్లల అజ్ఞానం కారణం కాదని నా అభిప్రాయం. కారణం పోటీ నియమాలలోనే ఉంది. మొదటి స్థానానికి మాత్రమే బహుమతి ఉన్నప్పుడు, రెండో స్థానంలో నిలిచినా చివరి స్థానంలో నిలిచినా దక్కేది ఒకటే. పైగా పోయేది ఊహాత్మకమైన పాయింట్లే. అలాంటప్పుడు పాయింట్లను పాతిక కంపెనీలకు పంచినవాడు సగటు దగ్గర ఆగిపోతాడు, అన్నీ ఒకే చోట పెట్టినవాడికే గెలిచే అవకాశం ఉంటుంది. అంటే పిల్లలు ఆ నియమాలకు తగ్గట్టు తెలివిగానే ప్రవర్తించారు. చిక్కల్లా ఏమిటంటే, జీవితంలో డబ్బుకు ఆ నియమాలు వర్తించవు. చదువు కోసం దాచిన సొమ్ములో సగం పోయిన కుటుంబానికీ, పోని కుటుంబానికీ తేడా లేదని ఎవరూ అనరు. కొన్ని వారాల వ్యవధిలో ధరల పెరుగుదలను బట్టి విజేతను తేల్చే పోటీలు మదుపు మీద ఆసక్తి పుట్టిస్తాయన్నది నిజమే గాని, అవి నేర్పేది మదుపు కాదు.

ఈ మాట నేరుగా చెబితే విజేత చిన్నబుచ్చుకుంటాడు, మిగతావాళ్లు అతడి పక్షం వహిస్తారు. అందుకే చెప్పకుండా చేయించాను. బృందంలో 16 మంది ఉండడం కలిసొచ్చింది. అందరూ లేచి నిలబడి తలా ఒక నాణెం ఎగరేయాలి, బొమ్మ పడినవాళ్లు నిలబడాలి, బొరుసు పడినవాళ్లు కూర్చోవాలి. సగటున చూస్తే 16 మంది 8 మందిగా, 8 మంది నలుగురిగా, నలుగురు ఇద్దరుగా, చివరికి ఒక్కరుగా మిగులుతారు. లెక్క అచ్చంగా అలాగే నడవదు గాని, నాలుగైదు విసుర్ల తర్వాత నిలబడి ఉండేది ఒకరో ఇద్దరో. చివరికి ఒక అమ్మాయి మిగిలింది. ఆమెను ముందుకు పిలిచి, వరసగా బొమ్మే పడేలా నాణెం విసరడంలోని మెళకువలు వివరించమని అడిగాను. గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూ బొటనవేలిని ఎలా వంచాలో చెప్పబోయింది. విజేత మాత్రం నవ్వలేదు. కాసేపాగి, "అంటే నేను కూడా అలాగే గెలిచానంటారా మేడమ్?" అని అడిగాడు.

అదృష్టమే అని నేను అనలేదు, ఎందుకంటే అది నాకు తెలిసే విషయం కాదు. ఒక్క ఫలితాన్ని చూసి నైపుణ్యమో అదృష్టమో తేల్చలేమని, తేల్చాలంటే కొనడానికి ముందే రాసిపెట్టిన కారణాలు కావాలని మాత్రం చెప్పాను. అక్కడి నుంచే నిర్ణయాల పుస్తకం మొదలైంది. ఏ నిర్ణయానికైనా ముందు నాలుగు విషయాలు రాయాలి: ఈ సొమ్ము ఎప్పుడు అవసరం, ఇదే ఎందుకు ఎంచుకున్నాను, ఎంత పోయినా తట్టుకోగలను, ఏం జరిగితే నా అభిప్రాయం మార్చుకుంటాను. మార్కులు ఈ నాలుగింటికే ఉంటాయని, వచ్చిన లాభానికి ఒక్క మార్కు కూడా ఉండదని ముందే ప్రకటించాను. విజేత రాసిన మొదటి కారణం ఒక్క వాక్యం: "పెరుగుతోంది కాబట్టి." నాలుగో ప్రశ్నకు ఎదురుగా ఖాళీ.

డబ్బుకు గడువు

సాధారణంగా ఇలాంటి పాఠాలు షేరు, బాండు, ఫండ్ అనే వరసలో మొదలవుతాయి. నేను వాటిని వెనక్కి జరిపి, గడువును ముందుకు తెచ్చాను. ప్రతి విద్యార్థీ తనకు డబ్బు అవసరమయ్యే మూడు సందర్భాలు, వాటి ఎదురుగా సంవత్సరాలు రాశారు. ఏడాదిలోపు కావలసిన కంప్యూటరు, రెండు మూడేళ్లలో మొదలయ్యే పైచదువు వంటివి తేలిగ్గానే వచ్చాయి. మూడోది రాయడానికి చాలామంది ఇబ్బంది పడ్డారు. 15 ఏళ్ల వయసులో 40 ఏళ్ల తర్వాతి అవసరాన్ని ఊహించుకోమనడం కష్టమైన పనే, దాన్ని బలవంతంగా రాయించడంలో నాకు ప్రయోజనం కనిపించలేదు. "ఇప్పట్లో అవసరం లేనిది" అని రాసినా ఒప్పుకున్నాను.

గడువులు కాగితం మీద పడ్డాక సాధనాలను పరిచయం చేయడం సులువైంది, ఎందుకంటే ప్రతిదాన్నీ ఏదో ఒక గడువు పక్కన పెట్టి చూపవచ్చు. బ్యాంకు డిపాజిట్‌లో మనం పెట్టిన అసలు సొమ్ము తగ్గదు, వడ్డీ ముందే తెలుస్తుంది. బాండు కొంటే ప్రభుత్వానికో కంపెనీకో అప్పిచ్చినట్టు. గడువు తీరాక అసలు తిరిగి రావాలి, మధ్యలో అమ్ముకోవలసి వస్తే ధర తగ్గి ఉండవచ్చు. షేరు కొంటే కంపెనీలో చిన్న భాగానికి యజమాని అయినట్టు; లాభాల్లో వాటా రావచ్చు, రాకపోవచ్చు, తిరిగి ఇస్తానని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇండెక్స్ ఫండ్ ఒక సూచీలో, అంటే మార్కెట్ కదలికను కొలవడానికి ఎంపిక చేసిన కంపెనీల జాబితాలో, ఉన్న కంపెనీలన్నింటినీ అదే నిష్పత్తిలో కొంటుంది. ఏ కంపెనీ గెలుస్తుందో ఎంచుకునే పని అందులో ఉండదు. సామాన్య మదుపరుల కోసం అలాంటి మొదటి ఫండ్‌ను జాన్ బోగల్ 1976లో అమెరికాలో ప్రారంభించినప్పుడు సేకరించాలనుకున్నది 15 కోట్ల డాలర్లు, వచ్చింది సుమారు 1.1 కోట్లు. సగటుతో సరిపెట్టుకోవడమా అని అప్పట్లో ఎగతాళి చేశారు. పోటీలో సగటు దగ్గర ఆగిపోయి చిన్నబోయిన పిల్లలకు ఈ సంగతి బాగా నచ్చింది.

చక్రవడ్డీకి పట్టికలు వేయించకుండా 72 సూత్రంతో సరిపెట్టాను. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపు కావడానికి పట్టే సంవత్సరాలు సుమారుగా వస్తాయి. ఇటలీ గణితవేత్త లూకా పాచోలీ 1494 నాటికే దీన్ని ప్రస్తావించాడు. 6 శాతానికి 12 ఏళ్లు. అదే సూత్రాన్ని ద్రవ్యోల్బణానికి తిప్పి వాడమంటే, ధరలు ఏటా 3 శాతం పెరిగితే 24 ఏళ్లలో సొమ్ము విలువ సగమవుతుందని వాళ్లే లెక్కగట్టారు. చిన్న వయసులో మొదలుపెట్టినవాడు కోటీశ్వరుడవుతాడని చూపే పట్టికలను నేను వాడను. వాటిలో ప్రతి ఏడూ ఒకే రాబడి వస్తుంది. నిజమైన మార్కెట్‌లో అలాంటి ఏడు దాదాపు ఉండదు, అలా ఉంటుందని నమ్మి వచ్చినవాళ్లే మొదటి పతనంలో పారిపోతారు.

పతనం అభ్యాసం

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఫలితమిచ్చిందీ ఇదే. చరిత్రలో నిజంగా జరిగిన ధరల కదలికలను తీసుకుని, పేరు, దేశం, సంవత్సరం దాచేసి, ప్రతిదాన్నీ 100 నుంచి మొదలయ్యేలా మార్చి, ఒక్కో అంకెగా పలక మీద రాస్తూ పోయాను. ప్రతి అంకె దగ్గరా విద్యార్థులు ఉంచుకుంటారో, అమ్ముతారో, ఇంకా కొంటారో నిర్ణయాల పుస్తకంలో రాయాలి. ఒకసారి రాసినది మార్చకూడదు.

మొదటి వరస 100 దగ్గర మొదలై మెల్లగా జారింది, తర్వాత వేగంగా పడింది, చివరికి 43కు చేరింది. 80 దగ్గర చాలామంది నిబ్బరంగా ఉన్నారు. 60 దాటాక గదిలో మాటలు తగ్గాయి, 50 కిందికి వచ్చేసరికి సగానికి పైగా అమ్మేశారు. ఇంతకు పోటీలో గెలిచినవాడు 70 దగ్గరే అమ్మి, 55 దగ్గర మళ్లీ కొని, 45 దగ్గర రెండోసారి అమ్మాడు. ఆ తర్వాత అంకెలు పెరుగుతూ తిరిగి 100కు వచ్చాయి. అది అమెరికాలోని ఎస్ అండ్ పీ 500 సూచీ అని, 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు 57 శాతం పడిందని, డివిడెండ్లు, అంటే కంపెనీలు పంచే లాభాల వాటాలు, లెక్కించకపోతే పాత స్థాయికి చేరడానికి 2013 దాకా పట్టిందని అప్పుడు చెప్పాను. 43 నుంచి తిరిగి 100కు రావాలంటే 133 శాతం పెరగాలి. పడింది 57 శాతమే కదా, 57 శాతం పెరిగితే చాలదా అని ఒకరు అడిగారు. లెక్క చేయించాను, 67.5 దగ్గర ఆగింది. నష్టాల గణితం అంతకన్నా స్పష్టంగా ఉపన్యాసంలో చెప్పలేం.

ఇక్కడితో ఆపే శిక్షకులు చాలామంది ఉన్నారు. పడినప్పుడు అమ్మకూడదు, ఓపిక పడితే తిరిగి వస్తుంది అనే పాఠం చక్కగా కుదురుతుంది కాబట్టి. కాని అది సగం నిజం, అందుకే రెండో వరస వెంటనే మొదలుపెట్టాను. ఈసారి పిల్లలు ధీమాగా ఉన్నారు. 60 దగ్గర దాదాపు ఎవరూ అమ్మలేదు, 40 దగ్గర కొందరు ఇంకా కొన్నారు. అంకెలు పైకీ కిందికీ కదులుతూ ఎంతకూ 100కు రావు, ఒక దశలో 18కి పడిపోయాయి. "ఇంకెన్నాళ్లు మేడమ్?" అని విసుగ్గా అడిగేదాకా సాగించాను. అది జపాన్ నిక్కీ సూచీ. 1989 డిసెంబరు చివర 38,915 దగ్గర ముగిసి, 2009లో 7,054కు పడి, ఆ పాత శిఖరాన్ని 2024 ఫిబ్రవరిలో గాని దాటలేదు. 34 ఏళ్లు, అంటే ఆ గదిలో ఉన్నవారి వయసుకు రెట్టింపు.

శిఖరం మీద ఒకేసారి అంతా పెట్టినవాడికి పట్టిన కాలమది. నెలనెలా కొంత చొప్పున పెడుతూ పోయినవాడు తక్కువ ధరలకు కూడా కొని ఉంటాడు, డివిడెండ్లు కూడా అందుకుని ఉంటాడు కాబట్టి అతడి అనుభవం వేరుగా ఉండేది. ఒకే దేశపు సూచీలో గాక అనేక దేశాలకు పంచినవాడి అనుభవం మరీ వేరు. 1952లో ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ చూపిన విషయం ఇదే: ఒక్కో సాధనాన్ని విడిగా చూడడం చాలదు, అవన్నీ ఒకేసారి పడతాయా, వేర్వేరు సమయాల్లో పడతాయా అన్నది చూడాలి. పంచి పెట్టడం అంటే పది కంపెనీలు కొనడమే అనుకున్న పిల్లలకు, ఆ పదీ ఒకే రంగంలో ఉంటే అది పంచినట్టు కాదన్న సంగతి ఇక్కడ తట్టింది.

మూడో వరస కూడా 100 నుంచే. కొంతకాలం అక్కడక్కడే తిరిగి, ఏడాది గడిచేసరికి సగానికి పడింది. రెండు వరసలు చూసిన అనుభవంతో ఒక 15 ఏళ్ల అమ్మాయి ప్రతి పతనంలోనూ కొంటూ పోయింది. తన కారణం కూడా చక్కగా రాసింది: "గడువు చాలా దూరం ఉంది. పడినప్పుడు భయపడకూడదు. తక్కువ ధరకు దొరుకుతోంది." 15 దగ్గర మిగిలిన పాయింట్లన్నీ పెట్టేసింది. తర్వాతి అంకె ఒకటి కన్నా తక్కువ. ఆ తర్వాత అంకె లేదు. అది ఎన్రాన్ అనే కంపెనీ. 2000 ఆగస్టులో సుమారు 90 డాలర్లున్న షేరు 2001 నవంబరు చివరికి ఒక డాలరు కన్నా దిగువకు వచ్చింది, డిసెంబరు 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఏదో చిరునామా లేని సంస్థ కాదది, అమెరికాలోని అతి పెద్ద కంపెనీల జాబితాలో 7వ స్థానంలో నిలిచింది. లెక్కల్లో మోసం బయటపడింది. పదవీ విరమణ కోసం దాచుకున్న సొమ్ములో పెద్ద భాగాన్ని సొంత కంపెనీ షేర్లలోనే ఉంచిన ఉద్యోగులు జీతాన్నీ, ఆ పొదుపునూ ఒకేసారి పోగొట్టుకున్నారు.

ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. "మీరు చెప్పినట్టే చేశాను కదా" అంది. ఆమె అన్నదాంట్లో న్యాయముంది. ఆమె రాసిన కారణాలు ఒక దేశపు కంపెనీలన్నింటినీ కలిపి కొన్నప్పుడు చెల్లుతాయి. ఒక కంపెనీకి చెల్లవు. సూచీలో ఉన్న ఒక కంపెనీ మునిగితే దాన్ని తీసేసి మరొకదాన్ని చేరుస్తారు, సూచీ కొనసాగుతుంది. మునిగిన కంపెనీ షేరుకు అలాంటి రెండో జీవితం లేదు. పేరు దాచినందువల్ల అది సూచీయో కంపెనీయో తెలుసుకునే వీలు ఆమెకు లేకపోయింది, కానీ ఆ ప్రశ్న అడగాలని కూడా గదిలో ఎవరికీ తోచలేదు. ఆ మాట నేను అన్న తర్వాత, నిర్ణయాల పుస్తకంలో ఐదో ప్రశ్న చేర్చాలని విజేతే ప్రతిపాదించాడు: ఇది పూర్తిగా సున్నా అయ్యే అవకాశం ఉన్నదా? అప్పటి నుంచి అది ఆ పుస్తకంలో ఉండిపోయింది.

ఈ మూడు వరసల క్రమాన్ని మార్చకూడదని నా అభిప్రాయం. మూడోదాన్ని ముందుకు తెస్తే పిల్లలు షేర్లంటేనే భయపడతారు. మొదటిదానితో ఆపితే ఓపికను సర్వరోగ నివారిణి అనుకుంటారు.

అభ్యాసం ముగిశాక, వాళ్ల పుస్తకాల్లోని అమ్మకాలను కలిసి పరిశీలించాం. లాభంలో ఉన్నవాటిని త్వరగా అమ్మి, నష్టంలో ఉన్నవాటిని కొన్న ధర వచ్చేదాకా పట్టుకుని కూర్చునే ధోరణి స్పష్టంగా కనిపించింది. హెర్ష్ షెఫ్రిన్, మీర్ స్టాట్‌మన్ 1985లోనే ఈ ధోరణిని వర్ణించారు, దాని మూలాలు 1979లో డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ ప్రతిపాదించిన సిద్ధాంతంలో ఉన్నాయి: లాభం ఇచ్చే సంతోషం కన్నా అంతే నష్టం కలిగించే బాధ ఎక్కువ. పదేపదే కొని అమ్మడం గురించి కూడా చర్చ వచ్చింది. బ్రాడ్ బార్బర్, టెరాన్స్ ఓడీన్ 1991 నుంచి 1996 వరకు 66,465 అమెరికన్ కుటుంబాల ఖాతాలను పరిశీలిస్తే, అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవారికి ఏటా 11.4 శాతం రాబడి వచ్చింది, అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. ఈ అంకె చెప్పినప్పుడు విజేత తన పుస్తకం తిరగేసి, మొదటి వరసలో తాను కొని అమ్మిన చోట్లను లెక్కపెట్టుకోవడం గమనించాను. నేనేమీ అనలేదు.

రిస్క్ వద్దన్న అమ్మాయి

బృందంలో 17 ఏళ్ల అమ్మాయి ఒకరు మొదటి నుంచీ తన పాయింట్లన్నీ డిపాజిట్‌లోనే ఉంచింది. ఏ వరసలోనూ ఒక్క పాయింటు కూడా షేర్లలో పెట్టలేదు. తోటివాళ్లు పిరికిదని ఆటపట్టించారు. ఇంట్లో ఒకప్పుడు మార్కెట్‌లో నష్టపోయిన సందర్భం ఉందని, దాని గురించి పెద్దలు ఇప్పటికీ మాట్లాడుకోరని ఆమె విడిగా చెప్పింది. ఇలాంటి పిల్లలకు ధైర్యం చెప్పి షేర్ల వైపు నడిపించాలని చాలామంది శిక్షకులు భావిస్తారు. నేను ముందు ఆమె గడువుల కాగితం చూశాను. ఆమె రాసుకున్న ఏకైక పెద్ద అవసరం రెండేళ్లలో మొదలయ్యే చదువు.

అప్పుడు ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. డిపాజిట్‌పై వడ్డీ 2 శాతం, ధరల పెరుగుదల 3 శాతం అనుకుంటే, 100 పెట్టుబడి కొనుగోలు శక్తి రెండేళ్ల తర్వాత సుమారు 98కి తగ్గుతుంది. అదే సొమ్ము షేర్లలో ఉండి, సరిగ్గా చదువు మొదలయ్యే సమయానికి 2009 లాంటి పతనం వస్తే 43 మిగలవచ్చు. రెండేళ్ల గడువుకు 2 పోగొట్టుకోవడానికి సిద్ధపడడం పిరికితనం కాదు, అది సరైన నిర్ణయం. అందరి ఎదుటా ఆ మాట చెప్పాను, ఎందుకంటే ఆటపట్టించినవాళ్ల పుస్తకాల్లో అదే రెండేళ్ల గడువు ఎదురుగా ఒకే కంపెనీ షేర్లు ఉన్నాయి. అయితే అదే రేట్లతో 30 ఏళ్లకు లెక్క వేసినప్పుడు 100 కాస్తా 75 దగ్గరకు వచ్చింది. ఆమె చాలాసేపు ఆ అంకెను చూసి, "అయితే ఇది రెండేళ్ల డబ్బుకే సరైన సమాధానం" అంది. ఆమె ఇంకేమీ మార్చలేదు, మార్చమని నేను అడగలేదు. భయం కారణంగా తీసుకున్న నిర్ణయానికి ఇప్పుడు ఆమె పుస్తకంలో గడువు, లెక్క తోడయ్యాయి, నాకు కావలసింది అంతే.

రుసుములు, హామీలు

రుసుముల గురించి ఒక్క లెక్కతో ముగించాను. 40 ఏళ్లపాటు ఏటా 7 శాతం వస్తే 100 సుమారు 1,497 అవుతుంది. ఏటా ఒక్క శాతం రుసుముగా పోయి 6 శాతమే మిగిలితే 1,029 అవుతుంది. ఒక్క శాతమే అనిపించేది చివరి మొత్తంలో మూడో వంతుకు దగ్గరగా తినేసింది. మోసాల విషయంలో కూడా ఎక్కువ సేపు ఆగలేదు. 1920లో బోస్టన్‌లో ఛార్లెస్ పాంజీ 45 రోజుల్లో 50 శాతం లాభమని హామీ ఇచ్చాడు, పాతవాళ్లకు ఇచ్చింది కొత్తగా వచ్చినవాళ్ల సొమ్మే. 2008 డిసెంబరులో మోసం బయటపడిన అమెరికా మదుపు వ్యాపారి బెర్నార్డ్ మేడాఫ్ అంత ఆశ చూపలేదు, ప్రతి ఏడూ దాదాపు ఒకేలా, నిలకడగా రాబడి చూపించాడు. మూడు పతన వరసలు చూసిన పిల్లలకు ఆ నిలకడే అనుమానాస్పదంగా తోచింది, వివరించవలసిన అవసరం రాలేదు. ఫోన్లలో చూసే సలహాల విషయంలో ఒకే నియమం పెట్టాను: చెప్పే వ్యక్తి నియంత్రణ సంస్థ వద్ద నమోదై ఉన్నాడా, మనం కొంటే అతడికి ఏం వస్తుంది అన్న రెండింటికీ జవాబు దొరికేదాకా అది సలహా కాదు, ప్రకటన. అప్పు తెచ్చి లేదా పెట్టినదానికి మించి నష్టపోయే వీలున్న పద్ధతుల్లో వ్యాపారం చేయడం ఈ వయసు పాఠాల్లోకి రాదని చెప్పి, ఆ ప్రశ్నలను అక్కడే ఆపేశాను. ఆసక్తికరంగా ఉంటుందన్నది దాన్ని నేర్పడానికి తగిన కారణం కాదు.

పెద్దలతో సమావేశం

సాధారణంగా మైనర్లు స్వయంగా మదుపు ఖాతా తెరవలేరు, తల్లిదండ్రులో సంరక్షకులో నిర్వహించాలి. కాబట్టి పిల్లలు ఏం నేర్చుకున్నా, మొదటి నిజమైన నిర్ణయంలో పెద్దల చేయి ఉంటుంది. పెద్దల సమావేశంలో మొదట వచ్చిన ప్రశ్న ఏ షేరు కొనమంటారనే. సమాధానం ఇవ్వలేదు. వ్యక్తిగత పెట్టుబడి సలహా ఇవ్వడం శిక్షకురాలి పని కాదని, అందుకు అర్హత, నమోదు ఉన్నవారు వేరే ఉంటారని చెప్పి, పిల్లల పుస్తకాలను వాళ్ల చేతికిచ్చాను. ఐదు ప్రశ్నలకూ తమ సొంత పెట్టుబడుల విషయంలో జవాబు రాయమన్నప్పుడు గడువు దగ్గరే చాలామంది కలం ఆగింది.

విజేత తండ్రి కొడుకు సలహా ప్రకారం సొమ్ము పెట్టే ఆలోచన విరమించుకున్నారు. అయితే ఆ మాట తండ్రికి చెప్పింది నేను కాదు. ఆ షేరు గురించి ఐదు జవాబులూ రాయడానికి కూర్చున్న కొడుకు, కంపెనీ దేనివల్ల లాభం పొందుతుందో తనకు తెలియదని తనే తండ్రితో చెప్పాడట. నిజమైన సొమ్ముతో మొదలుపెట్టాలనుకునే కుటుంబాలకు నేనిచ్చిన సూచనలు పెద్దవేమీ కావు. పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది కలగని చిన్న మొత్తం కావాలి, ధరలు చూసుకోవడానికి నెలకు ఒక రోజు చాలు. భోజనాల దగ్గర లాభాల ప్రస్తావన తేవద్దని కూడా కోరాను. లాభం వచ్చిన రోజున మెచ్చుకుంటూ, నష్టం వచ్చిన రోజున మౌనంగా ఉండే ఇల్లు పోటీ నియమాలనే మళ్లీ నేర్పుతుంది.

ఫలితాలు, పరిమితులు

మొదట అడిగిన మూడు ప్రశ్నలనే చివర్లో మళ్లీ అడిగాను. చక్రవడ్డీ దగ్గర తడబడినవాళ్లు ఈసారి తడబడలేదు, కాని దీన్ని నేను పెద్ద ఫలితంగా లెక్కించను. సరైన జవాబులు మొదట్లోనూ చాలావరకు ఉన్నాయి. నేను పోల్చి చూసినది నిర్ణయాల పుస్తకంలో మొదటి పేజీనీ చివరి పేజీనీ. మొదటి పేజీల్లో "పెరుగుతోంది", "అందరూ కొంటున్నారు", "నాకు ఆ కంపెనీ ఇష్టం" అన్నవే కారణాలు. చివరి పేజీల్లో దాదాపు ప్రతి నిర్ణయం గడువుతో మొదలైంది, దగ్గరి గడువు సొమ్ము డిపాజిట్‌లోకీ, దూరపు గడువు సొమ్ము పంచి పెట్టిన ఫండ్లలోకీ వెళ్లింది. అభిప్రాయం ఎప్పుడు మార్చుకుంటారన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ బలహీనమైన జవాబులే ఎక్కువ. ధర తగ్గితే మార్చుకుంటాననే వాక్యం చాలా పుస్తకాల్లో మిగిలే ఉంది. ధర తగ్గడానికీ, కొన్న కారణం చెల్లకపోవడానికీ ఉన్న తేడా ఈ వయసులో అంత తొందరగా పట్టుబడదని అనుకుంటున్నాను, పెద్దవాళ్లకు పట్టుబడినట్టూ కనిపించలేదు.

పరిమితులు స్పష్టంగానే ఉన్నాయి. పోల్చి చూడడానికి ఈ పాఠాలు వినని మరో బృందం లేదు. పోయింది పాయింట్లే కాబట్టి, సొంత సంపాదన సగానికి పడినప్పుడు ఇదే నిబ్బరం ఉంటుందని ఈ కేసు ఆధారంగా చెప్పలేను. పేర్లు దాచిన వరసల అభ్యాసంలో కొన్ని గంటల్లో గడిచిపోయిన పతనం, నిజంలో నెలలు, ఏళ్లు సాగుతుంది. ఆ నిరీక్షణ ఒత్తిడిని ఏ గదిలోనూ సృష్టించలేం.

తర్వాతి బృందానికి ఇదే క్రమాన్ని ఉంచుతూ రెండు మార్పులు చేస్తున్నాను. విజేత ప్రతిపాదించిన ఐదో ప్రశ్న మొదటి రోజు నుంచే పుస్తకంలో ఉంటుంది. మూడు వరసలకూ నాలుగోది తోడవుతుంది: 2000 మార్చి నుంచి 2002 అక్టోబరు వరకు 78 శాతం పడి, పాత స్థాయికి 2015లో చేరిన, టెక్నాలజీ కంపెనీల వైపు మొగ్గిన అమెరికా నాస్‌డాక్ సూచీ. కంపెనీకీ, ఒకే రంగానికి మొగ్గిన సూచీకీ, విస్తృత సూచీకీ మధ్య ఉన్న మెట్లు ఈ బృందానికి సరిగా కనబడలేదు. ఆ మెట్టును ఎన్రాన్‌కు ముందే పెట్టాలని నిర్ణయించాను.